తీగ అరిగే చోట నిస్తంత్రి

ఇంటిలో తీగల కాలం దాదాపు ముగిసినది. టెలిఫోను తీగ పోయింది, కంప్యూటరు తీగ పోయింది, చెవిలో పెట్టుకొనే ఇయర్‌ఫోను తీగ సైతం పోయింది. అటువంటి ఇళ్ళ నుండి కుటుంబ సందర్శన దినాన కర్మాగారానికి వచ్చిన పిల్లలు, షాపులో తలపైన సాగిపోయే కేబుల్ ట్రేలను, మణికట్టంత లావున్న కేబుళ్ళ కట్టలను చూసి "ఇంత పెద్ద యంత్రాలకు ఇంకా ఈ తీగలెందుకు?" అని అడగడం సహజమే. ప్రశ్న చిన్నదే గాని తోసిపుచ్చదగినది కాదు. ఇంటిలో ఫోను ఒక క్షణం తడబడితే "హలో, హలో" అని మరొకసారి అంటాము. ప్రెస్సు ముందు నిలబడిన కార్మికుని చేతికీ, ఆ ప్రెస్సును ఆపవలసిన సంకేతానికీ మధ్య అటువంటి తడబాటుకు చోటు లేదు. కర్మాగారంలో నిస్తంత్రీ విధానం, అనగా వైర్‌లెస్, ఇంత ఆలస్యంగా, ఇంత ఆచితూచి అడుగుపెట్టడానికి మూలకారణం ఇదే. అయినప్పటికీ అది అడుగుపెట్టినది. ఎక్కడ, ఎందుకు, ఏ షరతు మీద అన్నదే ఈ వ్యాసంలోని విషయం.

విద్యుదయస్కాంత తరంగాలు గాలిలో ఆజ్ఞను మోయగలవని తెలిసి నూరేళ్ళు దాటింది. 1895లో కలకత్తా టౌన్ హాలులో ఆచార్య జగదీశ్ చంద్ర బోస్ కంటికి కనపడని తరంగాలతో దూరాన ఉన్న గంటను మోగించి, తుపాకిమందును పేల్చి చూపారు. 1898లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో నికోలా టెస్లా ఒక చిన్న పడవను తీగ లేకుండా నడిపించారు. ఈ రెండు ప్రదర్శనలలోనూ గాలిలో ప్రయాణించినది మాట కాదు, పని. రేడియో అంటే పాటలు, వార్తలు అని మనం అలవాటు పడ్డాము గాని, దాని బాల్యంలోనే గంట కొట్టించే గుణం కనిపించినది.

మరి ఆ గుణం కర్మాగారపు గడప దాటడానికి ఇన్నేళ్ళు ఎందుకు పట్టింది? ఖర్చు ఒక కారణం. తరంగాల వినియోగానికి ప్రభుత్వ లైసెన్సు అవసరం కావడం మరొకటి. 1985లో అమెరికాలోని సమాచార నియంత్రణ సంస్థ 902-928 మెగాహెర్ట్జ్, 2.4 గిగాహెర్ట్జ్, 5.8 గిగాహెర్ట్జ్ ప్రాంతాలను స్వల్పశక్తి పరికరాలకు లైసెన్సు లేకుండా తెరిచింది. ఆ తలుపు గుండానే 1997లో వైఫై ప్రమాణం వచ్చింది. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండుకు, 865-867 మెగాహెర్ట్జ్ బ్యాండుకు 2005లోను, 5 గిగాహెర్ట్జ్ బ్యాండులకు విస్తృతంగా 2018లోను ఈ మినహాయింపు లభించినది. ఇందులో మన కొనుగోలు విభాగం వారు గమనించవలసిన సంగతి ఒకటున్నది. అమెరికాలో స్వేచ్ఛగా వాడే 902-928 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో కొంత భాగం మన దేశంలో మొబైల్ టెలిఫోన్లకు కేటాయించబడినది. అక్కడి విపణి కోసం తయారైన సెట్టును ధర తక్కువని తెచ్చుకుంటే అది ఇక్కడ చట్టవిరుద్ధం కావడమే గాక, సరిగా పనిచేయదు కూడా.

చమురు శుద్ధి, సిమెంటు, ఎరువుల వంటి ప్రవాహ పరిశ్రమలకు ఈ మార్పు కొంత సులభమైనది. ట్యాంకులోని ఉష్ణోగ్రత కొన్ని సెకన్లలో అమాంతం మారిపోదు. కొలత ఒకసారి తప్పిపోయినా తరువాతి కొలత అందుకుంటుంది. అందుకే 2007లో వెలువడిన వైర్‌లెస్ హార్ట్ అనే విధానం 2010 నాటికే అంతర్జాతీయ ప్రమాణమైనది. పంపులు, మోటార్లు, గేర్‌బాక్సులు వంటి విడివిడి వస్తువులను తయారుచేసే మన వంటి కర్మాగారాల కథ వేరు. ఇక్కడ కాలాన్ని కొలిచేది మిల్లీసెకన్లలో. క్లాంపు బిగిసిందని లిమిట్ స్విచ్ చెప్పిన తరువాతే కట్టర్ కదలాలి. ఆ మాట ఆలస్యమైతే ఉత్పత్తి ఆగుతుంది, తప్పుగా వస్తే యంత్రమే పాడవుతుంది.

కాబట్టి కదలని యంత్రానికి తీగను మించినది లేదు. ఈ మాట వైర్‌లెస్ పరికరాలు అమ్మేవారు అంత గట్టిగా చెప్పరు, మనం చెప్పుకోవాలి. గొట్టంలో భద్రంగా పరచిన రాగి తీగ ముప్పై ఏళ్ళు మౌనంగా పనిచేస్తుంది. అది అరిగేది కదిలే చోట. డ్రాగ్ చైన్‌లో రోజంతా వంగి నిటారుగా సాగే కేబుల్, తిరిగే బల్లకు విద్యుత్తు అందించే స్లిప్ రింగ్, క్రేను గర్డరు వెంట దండలా వేలాడుతూ ముడుచుకొని విచ్చుకొనే కేబుల్ అందుకు ఉదాహరణలు. ఒకే చోట వంగి వంగి లోపలి రాగి పోగులు ఒక్కొక్కటిగా తెగుతాయి. పైన ఉన్న తొడుగు మాత్రం చెక్కుచెదరదు. క్యారేజి కుడి చివరకు వెళ్ళినప్పుడు మాత్రమే అలారం వస్తుంది. ఎలక్ట్రీషియన్ వచ్చి మల్టీమీటరు పెట్టే సమయానికి యంత్రం నడిమధ్యన నిలిచి ఉంటుంది, తీగ బాగానే ఉన్నట్లు చూపుతుంది. ఆయన వెనుదిరిగిన పది నిమిషాలకు మళ్ళీ అలారం. మెయింటెనెన్స్ లాగ్ పుస్తకంలో "పరిశీలించాము, లోపం కనపడలేదు" అనే వాక్యం వరుసగా మూడు షిఫ్టులలో కనిపించినదంటే, అక్కడ ఏదో ఒక కేబుల్ లోలోపల తెగుతున్నదని అనుభవజ్ఞులు ఊహిస్తారు. వైర్‌లెస్‌కు కర్మాగారంలో తొలి ఆహ్వానం లభించినది ఇటువంటి చోటులలోనే.

క్యాబిన్ నుండి నేలకు

వాటిలో అందరికీ కనిపించేది ఓవర్‌హెడ్ క్రేను. ఒకప్పుడు ఆపరేటరు నిచ్చెన ఎక్కి, గర్డరు కింద వేలాడే క్యాబిన్‌లో కూర్చునేవారు. కింద ఉన్న ఖలాసీ చేతి సైగలతో, ఈలతో బరువును నడిపించేవారు. పైకప్పు కింద చేరే వేడి, వెల్డింగ్ పొగ, మంచినీళ్ళకైనా దిగి ఎక్కవలసిన శ్రమ, ఇవన్నీ ఆ ఉద్యోగంలో భాగాలు. ఇద్దరి మధ్య పొత్తు కుదిరిన చోట పని అద్భుతంగా సాగేది. సైగ ఒకటైతే అర్థం మరొకటైన చోట ప్రమాదం జరిగేది. తరువాత పెండెంట్ వచ్చింది. అది కేబుల్‌తో వేలాడే బటన్ల పెట్టె. ఆపరేటరు నేలకు దిగారు గాని ఆ కేబుల్ పొడవుకు కట్టుబడి, తరచు బరువుకు మరీ దగ్గరగా నడవవలసి వచ్చేది. రేడియో రిమోట్ ఆ కట్టును తెంచింది. ఇప్పుడు నడుముకు తగిలించుకున్న పెట్టెతో, బరువు ఎటు ఊగినా కనిపించే సురక్షిత స్థానాన్ని ఆపరేటరు తానే ఎంచుకోవచ్చు.

ఇది కేవలం సౌకర్యమని భావించరాదు. ఇద్దరు చేసిన పని అనేక చోట్ల ఒక్కరి మీద పడినది. గొలుసు తగిలించడం, బరువును చూడడం, దారిలో మనుషులను గమనించడం, బటన్ నొక్కడం అన్నీ ఒకరివే అయినప్పుడు, వెనుకకు నడుస్తూ నేల మీది బిల్లెట్‌కు తట్టుకొని పడే ప్రమాదం కొత్తగా పుట్టింది. క్యాబిన్‌లో ఉన్నవారికి ఈ భయం లేదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం, క్రేను పట్టాల వద్ద పనిచేసేవారికి ఆరు మీటర్ల లోపుకు క్రేను రాకుండా తగిన చర్య తీసుకోవాలని 29వ సెక్షనులో నిర్దేశించినది. క్యాబిన్ ఆపరేటరు పైనుండి అంతా చూసే కాలపు నియమం అది. నేల మీద నిలబడిన ఆపరేటరుకు పట్టాల మీద పనిచేస్తున్న ఎలక్ట్రీషియన్ కనిపించకపోవచ్చు. పర్మిటు, పట్టాల మీది స్టాపర్లు, ఐసొలేటరు తాళం అందుకే మునుపటి కంటె ఎక్కువ ముఖ్యమైనాయి.

నిశ్శబ్దమే ఆజ్ఞ

క్రేను రిమోట్ లోపల జరిగేది తెలిస్తే ఈ సాంకేతికత మొత్తానికి ఆధారమైన ఆలోచన బోధపడుతుంది. ఇంటిలోని టెలివిజన్ రిమోట్ బటన్ నొక్కినప్పుడే పలుకుతుంది. క్రేను ట్రాన్స్‌మిటర్ అలా కాదు. అది ఆన్‌లో ఉన్నంతసేపు సెకనుకు అనేకసార్లు తన పేరు, తన బటన్ల స్థితి, లెక్క సరిచూసే కొన్ని అంకెలు కలిపి ఒక చిన్న సందేశాన్ని ఎడతెగక పంపుతూనే ఉంటుంది. పేరు సరిపోకపోయినా, లెక్క తప్పినా క్రేను మీది రిసీవర్ ఆ సందేశాన్ని పారవేస్తుంది. నిర్ణీత కాలంలో సరైన సందేశం ఒక్కటీ రాకపోతే రిసీవర్ ప్రధాన కాంటాక్టర్లను వదిలివేస్తుంది, బ్రేకులు పడతాయి. బ్యాటరీ అయిపోయినా, పెట్టె పగిలినా, మరొక తరంగం అడ్డుపడినా, ఆపరేటరు క్రేను పరిధి దాటి వెళ్ళినా ఫలితం ఒకటే. మాట ఆగితే పని ఆగుతుంది. రైలు ఇంజనులో డ్రైవరు చేయి తీస్తే బండి ఆగే ఏర్పాటుకు ఇది దగ్గరి బంధువు.

ఆ నిర్ణీత కాలం ఎంత అన్నదే అసలు ప్రశ్న. నిమిషానికి 60 మీటర్ల వేగంతో కదిలే క్రేను సెకనుకు ఒక మీటరు సాగుతుంది. రిసీవర్ అర సెకను వేచి చూస్తే అర మీటరు, దానికి బ్రేకు పట్టే దూరం అదనం. ఈ కాలాన్ని మరీ తగ్గిస్తే ప్రతి చిన్న అడ్డంకికీ క్రేను ఆగి, బరువు ఊగుతుంది. అటువంటి ఆగుడులతో విసిగి ఆ కాలాన్ని పెంచమని ఒత్తిడి తేవడం, పెంచడం, రెండూ నేరుగా భద్రతను తగ్గించేవే. తరచు ఆగుతున్న క్రేనుకు సరైన చికిత్స యాంటెన్నా స్థానం మార్చడమో, తరంగం మార్చడమో కావాలి.

తీగ లేని యంత్ర నియంత్రణకు ప్రత్యేకించి ఐ.ఇ.సి. 62745 అనే అంతర్జాతీయ ప్రమాణం 2017లో వెలువడినది. ఎమర్జెన్సీ స్టాపుల గురించిన ఐ.ఎస్.ఓ. 13850 ప్రమాణపు 2015 కూర్పులో ఒక ఆసక్తికరమైన అంశం ఉన్నది. బల్ల మీద పనిచేయని స్థితిలో పడి ఉన్న రిమోట్ మీది ఎర్ర బటన్‌ను చూసి, కంగారులో ఎవరైనా దానినే నొక్కవచ్చు. నొక్కినా యంత్రం ఆగదు. అందుచేత పనిచేసే బటన్‌కూ, చేయని బటన్‌కూ మధ్య పొరపాటు కలుగకుండా చూడాలని ఆ ప్రమాణం కోరింది. కొందరు తయారీదారులు, అనుసంధానం ఉన్నప్పుడు మాత్రమే లోపలి దీపంతో ఎర్రగా వెలిగి, లేనప్పుడు బూడిద రంగులో ఉండే బటన్లను తెచ్చారు. ఆ లోపలి దీపం విలువ వ్యవస్థ మొత్తం ధరతో పోలిస్తే అత్యల్పం. అయినా టెండరు నిర్దేశాలలో దానిని అడగనిదే రాదు.

స్పిండిల్‌లో తాకే వేలు

మెషీన్ షాపులో వైర్‌లెస్ మరింత నిశ్శబ్దంగా వచ్చింది. 1970ల ఆరంభంలో కాంకార్డ్ విమానపు ఒలింపస్ ఇంజనుకు చెందిన సన్నని గొట్టాలను కొలవడానికి డేవిడ్ మెక్‌మర్ట్రీ అనే ఇంజనీరు, తాకగానే సంకేతమిచ్చే ఒక ప్రోబ్‌ను కనుగొన్నారు. ఆ ఆవిష్కరణ మీదనే 1973లో రెనిషా సంస్థ ఏర్పడినది. కొలత యంత్రం మీద ఆ ప్రోబ్‌కు తీగ ఉన్నా ఇబ్బంది లేదు. దానినే మెషీనింగ్ సెంటరు స్పిండిల్‌లో కట్టర్ స్థానంలో ఉంచి, జాబ్ విప్పకుండానే కొలవాలంటే తీగ పనికిరాదు. టూల్ చేంజర్ దానిని తీసి పెట్టాలి గదా! అందుచేత మొదట కాంతి కిరణాల ద్వారా సంకేతం పంపే ప్రోబ్‌లు వచ్చాయి. అవి చిన్న యంత్రాలకు చక్కగా సరిపోతాయి. పెద్ద కేసింగ్ లోపలికి స్పిండిల్ దూరినప్పుడు మాత్రం కాంతికి దారి ఉండదు. రేడియో ప్రోబ్‌ల అవసరం అక్కడ వచ్చింది.

ఆ రేడియో ప్రోబ్‌లు 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో ఒకే తరంగాన్ని పట్టుకొని ఉండక, ముందే కుదుర్చుకున్న క్రమంలో ఒకదాని నుండి మరొకదానికి గెంతుతూ ఉంటాయి. ఒకచోట రద్దీ ఉంటే మరుక్షణం మరొక చోట. సాధారణ బ్లూటూత్ సెకనుకు 1600 సార్లు ఇలా గెంతుతుంది. ఈ ఆలోచనకు 1942లో అమెరికాలో పేటెంటు పొందిన ఇద్దరిలో ఒకరు హెడీ లమార్ అనే ప్రసిద్ధ సినీతార, రెండవవారు జార్జ్ ఆంథైల్ అనే సంగీతకర్త. టార్పెడోను శత్రువు దారి తప్పించకుండా చూడడం వారి ఉద్దేశం. మన ఇంట్లోని మహిళామణులకు, పిల్లలకు ఈ సంగతి చెప్పవచ్చు. సాంకేతికత అంతా టై కట్టుకున్న ఇంజనీర్ల సొత్తు కాదు.

యంత్రం మీది వందలాది చిన్న సెన్సర్ల సంగతి మాత్రం ఇంత సాఫీగా సాగలేదు. సంకేతాన్ని గాలిలో పంపవచ్చును, విద్యుత్తును పంపడమెలా? బ్యాటరీ పెడితే వందల బ్యాటరీలను మార్చే పని పడుతుంది. 2000ల దశకంలో ఎ.బి.బి. సంస్థ ఒక సాహసం చేసింది. యంత్రం చుట్టూ తీగచుట్టలు అమర్చి, వాటి అయస్కాంత క్షేత్రం నుండే ప్రాక్సిమిటీ స్విచ్‌లు తమకు కావలసిన శక్తిని గ్రహించేటట్లు చేసింది. ఒక కేంద్రం కింద 120 స్విచ్‌ల వరకు పనిచేయగల ఆ ఏర్పాటు ఇంజనీర్లను ఆశ్చర్యపరిచినది గాని, పరిశ్రమ అంతటా వ్యాపించలేదు. దాని అనుభవం వృథా పోలేదు. 2018లో వచ్చిన ఐ.ఓ.-లింక్ వైర్‌లెస్ విధానం ఆ దారినే నడిచి, ఒక మాస్టరు కింద 40 పరికరాలకు 5 మిల్లీసెకన్ల ఆవృత్తిని లక్ష్యంగా పెట్టుకున్నది. జర్మనీలో 2001లో సీమెన్స్ నుండి విడివడిన ఎన్‌ఓషన్ సంస్థ మరొక మార్గం పట్టింది. వారి స్విచ్‌ను నొక్కిన వేలి బలమే దాని విద్యుత్తు, బ్యాటరీ అక్కరలేదు.

ఇవన్నీ ఉన్నా ఒక సాధారణ సత్యం అడ్డు నిలుస్తుంది. వాల్వుకు, మోటారుకు ఎలాగూ విద్యుత్ తీగ వెళ్ళాలి. వెళ్ళిన తీగ పక్కనే సంకేతపు తీగ కూడా వెళితే పోయేదేమున్నది? వైర్‌లెస్ సెన్సర్‌కు న్యాయమైన స్థానం తిరిగే బల్ల మీద, రోబో మణికట్టు వద్ద, తరచు మార్చే ఫిక్స్చర్ల మీద. మిగిలిన చోట్ల దానిని కొత్తదనం కోసం కొనడం ప్రజాధనంతో నడిచే సంస్థకు తగదని నా అభిప్రాయం.

తనంత తాను తిరిగే బండ్లకు ఆ సందేహం లేదు. 1974లో స్వీడన్‌లోని కల్మార్‌లో వోల్వో సంస్థ తెరిచిన కర్మాగారంలో కార్లను మోసే బండ్లు నేలలో పరచిన తీగను అనుసరించి నడిచేవి. బండికి తీగ తగిలి లేదు గాని, దారి మార్చాలంటే నేల తవ్వాలి. నేటి బండ్లు లేజరుతో దారి చూసుకుంటూ, వైఫై ద్వారా పని అందుకుంటాయి. షాపు ఒక చివర నుండి మరొక చివరకు పోయేటప్పుడు ఒక వైఫై కేంద్రాన్ని వదిలి మరొకదానిని పట్టుకొనే ఆ స్వల్ప విరామంలో బండి ఆగిపోవడం సాధారణమైన ఫిర్యాదు. ప్రైవేటు 5జి మీద ఆశలు పెరగడానికి ఇది ఒక ముఖ్య కారణం. మన దేశంలో పరిశ్రమలు తమ ఆవరణకు పరిమితమైన సొంత నెట్‌వర్కు ఏర్పరచుకొనడానికి కేంద్ర టెలికమ్యూనికేషన్ల శాఖ 2022 జూన్‌లో మార్గదర్శకాలు విడుదల చేసింది. అదే సంవత్సరం బెంగళూరులోని బాష్ కర్మాగారంలో ఎయిర్‌టెల్ ప్రయోగం జరిపింది. పుణె సమీపంలోని చకన్ మహీంద్రా కర్మాగారంలో వాహనాలలోకి సాఫ్ట్‌వేరు నింపే పనికి ప్రైవేటు 5జి వినియోగాన్ని ప్రకటించారు.

గాలి ఎవరిది?

వెల్డింగ్ మెరుపులే రేడియోకు శత్రువులని చాలామంది భావిస్తారు. ఆ రొద ఎక్కువగా తక్కువ పౌనఃపున్యాలలోనే ఉంటుంది, 2.4 గిగాహెర్ట్జ్ వద్ద దాని బాధ తక్కువ. అసలు చిక్కు ఉక్కు. గోడలు, గర్డర్లు, యంత్రాల నుండి పరావర్తనం చెందిన తరంగాలు ఒకదానినొకటి రద్దు చేసుకొన్న చోట సంకేతం మాయమవుతుంది. ఆ తరంగం పొడవు 12.5 సెంటీమీటర్లు మాత్రమే, జానెడు కంటె తక్కువ. అందుచేత యాంటెన్నాను బెత్తెడు జరిపితే దొరకని సంకేతం దొరకవచ్చు. కొత్త యంత్రం దించిన మరునాడు పాత వైర్‌లెస్ మొరాయిస్తే ఆశ్చర్యపోనక్కరలేదు.

రెండవ చిక్కు మన జేబులలో ఉన్నది. భోజన విరామంలో క్రికెట్ స్కోరు కోసం తెరిచిన మొబైల్ హాట్‌స్పాట్ కూడా ఆ 2.4 గిగాహెర్ట్జ్ గాలినే పీలుస్తుంది. క్యాంటీనులోని మైక్రోవేవ్ ఓవెన్ కూడా అక్కడే. లైసెన్సు లేని బ్యాండు అంటే ఎవరికీ హక్కు లేని బ్యాండు. కాబట్టి ఏ షాపులో ఏ పరికరం ఏ తరంగం మీద నడుస్తున్నదో రాసి ఉంచే రిజిస్టరు ఒకటి, దానికి జవాబుదారీగా ఒక అధికారి ఉండడం మంచిది. పక్కపక్కనే ఉన్న రెండు బేలకు వేర్వేరు సంవత్సరాలలో, వేర్వేరు కాంట్రాక్టర్లు రిమోట్లు అమర్చిన చోట ఆ రిజిస్టరు లేకపోవడం ఎంత కష్టమో మెయింటెనెన్స్ వారికి తెలుసు.

మూడవది దురుద్దేశం. 2019 జనవరిలో ట్రెండ్ మైక్రో సంస్థ పరిశోధకులు క్రేనుల వంటి యంత్రాలకు వాడే రేడియో రిమోట్లను పరిశీలించి, గాలిలోని ఆజ్ఞను పట్టుకొని తిరిగి ప్రసారం చేసి యంత్రాన్ని కదిలించడం అనేక సెట్లలో సాధ్యమని చూపారు. తప్పు రాకుండా చూసే లెక్కల అంకెలు మోసం రాకుండా చూడలేవు. ఈ సెట్లు పదేళ్ళు, పదిహేనేళ్ళు పనిచేస్తాయి కనుక నాటి లోపాలు నేటికీ కొన్ని క్రేనుల మీద వేలాడుతూ ఉండవచ్చు. కొత్తవి కొనేటప్పుడు ప్రతి సందేశానికి మారే సంకేతరక్షణ ఉన్నదా అని అడగడం, పాతవాటి జాబితా తయారుచేసి పెద్ద బరువులు ఎత్తే క్రేనులతో మార్పు మొదలుపెట్టడం ఆచరణసాధ్యమైన పనులు.

ఇక రోజువారీ సంగతి. షిఫ్టు మొదట్లో బరువు లేని హుక్కుతో ప్రతి కదలికనూ, చివర స్టాపు బటన్‌నూ పరీక్షించాలి. తరువాత హుక్కు నేలకు దగ్గరగా, చుట్టూ ఎవరూ లేనప్పుడు, క్రేను నెమ్మదిగా కదులుతుండగా ట్రాన్స్‌మిటర్ బ్యాటరీని తీసి చూడాలి. క్రేను తనంత తాను ఆగాలి, ఎంత దూరంలో ఆగినదో నేల మీది గీతతో పోల్చి లాగ్‌లో రాయాలి. ఈ పరీక్షకు పట్టేది రెండు నిమిషాలు. షిఫ్టు ముగిశాక తాళం చెవి తీసి, ట్రాన్స్‌మిటర్‌ను క్రేను నంబరు రాసిన గూటిలో ఛార్జింగుకు పెట్టి, చెవిని తరువాతి ఆపరేటరు చేతికి ఇచ్చి సంతకం తీసుకోవాలి.